తప్పిపోయిన కుమారుడు, గడప బయటి అన్న

ఒక తండ్రికి ఇద్దరు కుమారులు. చిన్నవాడు తన పాలు తనకు పంచి యిమ్మని అడిగి, దానిని సొమ్ము చేసికొని, దూరదేశము పోయి, విలాసములలో సర్వమును వ్యయము చేసెను. అంతలో ఆ దేశమున కరవు వచ్చెను. పందులను మేపు కూలికి కుదిరి, అవి తిను పొట్టుకైన నోచుకొనక, ఇల్లు తలపునకు వచ్చి తిరుగుముఖము పట్టెను. తండ్రి దూరమునుండియే చూచి, పరుగున పోయి కౌగిలించుకొనెను. మంచి వస్త్రము, వ్రేలికి ఉంగరము, కాళ్ళకు చెప్పులు తెప్పించెను. క్రొవ్విన దూడను కోయించి విందు చేసెను. పొలము పనినుండి వచ్చిన పెద్దకుమారుడు ఇంటిలోని పాటయు ఆటయు విని, సంగతి తెలిసికొని, లోపలికి రానని బయటనే నిలిచెను. తండ్రి వెలుపలికి వచ్చి అతనిని బతిమాలెను. కథ అక్కడ ఆగినది. పెద్దవాడు లోపలికి పోయెనో లేదో చెప్పబడలేదు.

లూకా సువార్త 15వ అధ్యాయములో యేసుక్రీస్తు చెప్పిన ఉపమానమిది. తప్పిపోయిన గొఱ్ఱె, పోగొట్టుకొన్న నాణెము అను రెండు చిన్న ఉపమానముల వెనుక ఇది మూడవది. ఇందు సంగీతమును నాట్యమును ఆ యింటిలోపలనే ఉన్నవి. వానిని బయట నిలిచి వినువాడును ఉన్నాడు. తరువాతి శతాబ్దములలో చిత్రకారులు, గాయకులు, నర్తకులు, చలనచిత్రముల వారు ఈ కథను ఎన్ని విధముల చెప్పినను, వారందరు ఒక ప్రశ్నకు జవాబు చెప్పవలసి వచ్చినది. ఆ యింటిలో ఇంకెవరున్నారు? బయట నిలిచిన అన్నను ఏమి చేయవలెను?

మొదట మన యింటి మాట చూతము. ఈ కథను బిచ్కుంద వంటి ఊరిలో ఏ అరుగుమీదనో చెప్పినచో, వినువారికి అందులో క్రొత్త యేమియు తోచదు. పంపకములు, పెద్దమనుష్యులు, అన్నదమ్ముల మాటపట్టింపులు ఊరూర ఉన్నవే. యూదుల ధర్మమున జ్యేష్ఠునకు రెండుపాళ్ళు. తండ్రి బ్రతికియుండగా పాలు అడుగుట అచట తప్పుగా తోచు పని. తెలుగుదేశమున చెల్లుచు వచ్చిన మితాక్షర న్యాయము వేరు. తాతముత్తాతల ఆస్తియందు కుమారునకు పుట్టుకతోనే హక్కు కలదు. కావున పాలు అడుగుట మనకు నొప్పి కలిగించినను వింత కాదు. మన చెవికి గట్టిగా తగులునది వేరొకటి. చిన్నవాడు తన పాలు తీసికొనిపోయిన పిమ్మట ఆ యింట మిగిలినదంతయు పెద్దవానిదే. కోసిన దూడయు న్యాయముగా అతని కొట్టములోనిదే. అతని కోపమునకు అసూయయే కాక లెక్కయు ఒకటి ఉన్నదని మన రైతు వెంటనే గ్రహించును.

మఱొక సూక్ష్మము తెలుగులోనే బాగుగా పలుకును. ఇంగ్లీషువానికి అన్నయు తమ్ముడును ఒకే మాట. తెలుగువాడు వయస్సు చెప్పక బంధుత్వము చెప్పలేడు. మూలములో పెద్దవాడు కోపముతో వచ్చినవానిని తమ్ముడని అనడు, తండ్రికి కొడుకని అనును. తండ్రి జవాబులో వానిని అతని తమ్మునిగా మరల అప్పగించును. ఆ తగవంతయు ఆ ఒక్క వరుసమాటలో ఉన్నది.

ఈ కథ మన లిపిలో అచ్చుపడి రెండువందల యేండ్లు దాటినది. జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ అను లండను మిషనరీలు 1805లో విశాఖపట్టణమున దిగి, ఆనందరాయరు అను దేశీయుని తోడ్పాటుతో తెనిగింపునకు పూనుకొనిరి. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో సేరంపూరులో అచ్చయ్యెను. క్రాన్ 1809లోను, డెగ్రాంజెస్ 1810లోను కాలధర్మము చెందియుండుటచేత ఆ పుస్తకమును ఇరువురును కన్నులార చూడలేదు. తరువాత పురుషోత్తమ చౌదరి (1803-1890) వంటి కవులు క్రైస్తవ భక్తిని మన రాగతాళములలో కీర్తనలుగా కట్టిరి. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన మెదకు దేవాలయము మొదలు పల్లెల చిన్న ప్రార్థనాలయముల వరకు అట్టి కీర్తనలే పాడుచున్నారు.

ఇక ఇతర దేశముల వారు ఆ యింటిని ఎట్లు నింపిరో చూడుడు. డచ్చి చిత్రకారుడు రెంబ్రాంటు తన చివరి యేండ్లలో (అతడు మరణించినది 1669లో) వ్రాసిన పటము నేడు రష్యాలోని హెర్మిటేజి ప్రదర్శనశాలలో ఉన్నది. చినిగిన చెప్పులతో కొడుకు మోకరిల్లియున్నాడు. వృద్ధుడైన తండ్రి రెండుచేతులును అతని వీపుమీద ఉన్నవి. ఆ రెండుచేతులు ఒకే విధముగా లేవు. ఒకటి మగచేయి వలెను, ఒకటి తల్లిచేయి వలెను ఉన్నవని చూచినవారు చెప్పుదురు. కుడిప్రక్కన ఎఱ్ఱని పైవస్త్రముతో ఒకడు నిటారుగా నిలిచి చూచుచున్నాడు. అతడే పెద్దకుమారుడని పలువురి అభిప్రాయము. రెంబ్రాంటు అతనిని లోపలికి తెచ్చెను గాని తండ్రికి దగ్గర చేయలేదు.

ఉపమానములో తల్లి లేదు. ఆ కొఱతను ఫ్రెంచి సంగీతకారుడు డెబ్యూసీ తీర్చెను. 1884లో, ఇరువది రెండేండ్లు నిండకముందే, ఈ కథపై రచించిన గేయనాటికకు అతడు రోము బహుమానమును పొందెను. అందు కొడుకు కొఱకు తల్లి లియా చేయు విలాపమే నేటికిని గాయనులు వేదికలపై విడిగా పాడు భాగము. అన్న మాత్రము అందు లేడు. అదే దేశమున ఆంద్రే జీడు 1907లో వ్రాసిన చిన్న గ్రంథములో తిరిగివచ్చినవానితో తండ్రి, అన్న, తల్లి వరుసగా మాటలాడుదురు. చివర ఒక తమ్ముడును కనబడును. ఆ తమ్ముడు ఇల్లు విడిచి పోవుచుండగా తిరిగివచ్చిన అన్నయే దీపము పట్టి దారి చూపును. కథ మరల మొదటికి వచ్చినది.

నాట్యమున దీనికి ప్రసిద్ధి తెచ్చినది 1929 మే 21న పారిసులో ప్రదర్శితమైన బాలే. సంగీతము ప్రొకోఫియెవ్‌ది, నృత్యరచన బాలంచిన్‌ది, తెరలును వేషములును చిత్రకారుడు రువోవి. నాయకుడుగా ఆడినవాడు సెర్జి లిఫార్. దియాగిలెవ్ నాట్యబృందమునకు అది చివరి క్రొత్త కృతులలో ఒకటి. ఆగస్టులో దియాగిలెవ్ మరణించెను. ఇందు చివరి ఘట్టము మరపునకు రానిది. కొడుకు మోకాళ్ళపై ప్రాకుచు వచ్చును. తండ్రి కదలక నిలిచి, వాడు తన దేహమును పట్టి యెగబ్రాకిన తరువాత, పసిబిడ్డను వలె తన అంగీలో చుట్టుకొని లోపలికి కొనిపోవును. మూలములో పరుగెత్తిన తండ్రి ఇచట నిలిచియున్నాడు. ఇంతకంటె పెద్ద మార్పు మఱొకటి ఉన్నది: అన్నను పూర్తిగా తొలగించి, ఆ చోట ఇద్దరు అక్కచెల్లెండ్రను ఉంచిరి. ఈ సంగతిని శ్రోతలు గుర్తుంచుకొనవలెను. దీనికి సాటి మన సాహిత్యమున కలదు.

చలనచిత్రములకు ఇల్లు కంటె దూరదేశమే నచ్చినది. సువార్తలో కొన్ని మాటలతో ముగిసిన ఆ విలాసజీవితమును 1925లో రావుల్ వాల్ష్ మూకచిత్రముగాను, 1955లో రిచర్డు థోర్పు రంగులచిత్రముగాను విస్తరించిరి. రెండవదానిలో లానా టర్నరు పూజారిణి వేషము వేసెను. అమెరికా నల్లజాతి గాయకుడు రాబర్టు విల్కిన్సు కథ వేరు. అతడు 1929లో లౌకికమైన పాట నొకదానిని రికార్డు చేసి, తరువాత మతబోధకుడై, అదే వరుసకు ఈ ఉపమానమును మాటలుగా కూర్చి 1964లో మరల రికార్డు చేసెను. పాటయే ఇల్లు చేరినది.

ఇప్పుడు మన సాహిత్యమును తడవుదము. తెనాలి రామకృష్ణకవి పాండురంగ మాహాత్మ్యములో నిగమశర్మ కథ ఉన్నది. ఇది బైబిలునుండి వచ్చినది కాదు. కాని ఆ యింటి గోడకు ఈ యింటి గోడ ఆనుకొనియే ఉన్నది. మంచి వంశమున పుట్టి, దుర్వ్యసనములలో ఆస్తి నంతటిని పాడుచేసిన కుమారునకు బుద్ధి చెప్పుటకు అక్క తన అత్తవారింటినుండి పిల్లలతో తరలివచ్చును. తలదువ్వి, దగ్గర కూర్చుండబెట్టుకొని, మందలించును. అతడు కొన్నినాళ్ళు మారినట్లు నటించి, ఒకరాత్రి అందరి నగలతోపాటు ఆ అక్క ముక్కరను కూడ మూటగట్టుకొని పారిపోవును. కవి ఆమెకు పేరైనను పెట్టలేదు. అయినను నిగమశర్మ అక్క యనగా తెలుగువారందరు ఎఱుగుదురు. యూదుల కథలో తోడబుట్టినవాడు గడప దాటి లోపలికి రాడు. మన కథలో తోడబుట్టినది ఊళ్ళు దాటి వచ్చును. అతనివలె ఈమెయు నష్టపడినదే; అతని నష్టము ఒక దూడ, ఈమె నష్టము ముక్కర.

పాండురంగ క్షేత్రమునకే చెందిన పుండరీకుని కథ మఱొక జవాబు. తలిదండ్రులను బాధించిన కొడుకు పశ్చాత్తాపము పొంది, వారి సేవలో మునిగియుండగా భగవంతుడే వచ్చును. కొడుకు ఇటుక నొకదానిని వేసి, సేవ ముగియువరకు దానిపై నిలువుమని కోరును. ఉపమానమున తండ్రి కొడుకు కొఱకు పరుగెత్తగా, ఇచట దేవుడు కొడుకు కొఱకు నిలిచియున్నాడు. కమలాకర కామేశ్వరరావు దర్శకత్వమున 1957లో వెలువడిన పాండురంగ మహత్యము చిత్రములో నందమూరి తారక రామారావు పుండరీకుడుగా నటించి ఈ కథను తెలుగు ఇంటింటికి చేర్చెను.

ఉపమానము మన దేశమున చేసిన పని ఇంకొకటి ఉన్నది. అది కళకు సంబంధించినది కాదు, భాషకు సంబంధించినది. నెపోలియను కాలమున ఫ్రాన్సు ప్రభుత్వము తన మాండలికములను తెలిసికొనుటకు ఈ కథనే ఊరూర చెప్పించి వ్రాయించెను. ఆ మార్గమునే జార్జి గ్రియర్సను భారతదేశమున అనుసరించెను. 1894లో మొదలై 1928లో ముగిసిన ఆయన భాషాపరిశీలనలో 179 భాషలు, 544 మాండలికములు లెక్కకు వచ్చినవి. ప్రతిదానికిని మొదటి నమూనా ఈ ఉపమానమే. మూడు పురుషల సర్వనామములు, విభక్తులలో పెక్కు, భూతభవిష్యద్వర్తమానములు ఇంత చిన్న కథలో దొరకుటయే కారణము. ఇచటివారి మనస్సులు నొవ్వకుండుటకు అచ్చటచ్చట మాటలను మార్చిరి. తరువాత గ్రామఫోను రికార్డులపై కూడ పలుభాషలవారు ఈ కథను పలికిరి. ఆ కంఠములు లండనులోని బ్రిటిషు గ్రంథాలయమున భద్రముగా ఉన్నవి.

ఇంత పెద్ద పరిశీలనలో మద్రాసు రాజధాని, హైదరాబాదు, మైసూరు సంస్థానములు చేరలేదు. కావున ద్రావిడభాషల సంపుటము 1906లో స్టెన్ కోనో సంపాదకత్వమున వెలువడినపుడు, అందు విడిగా వర్ణింపబడిన తెలుగు మాండలికములు ఇల్లు విడిచినవారివే: కోమటులవి, వడ్డెరలవి, దాసరులవి, బొంబాయి కామాఠీలవి. నిజాము తెలుగు జిల్లాలనుండి కట్టడపు పనులకు పోయిన కూలీలే ఆ కామాఠీలు. కామాఠీపుర పేటకు ఆ పేరు వారి వలననే వచ్చినది. దూరదేశము పోయినవాని పలుకు పుస్తకమున కెక్కినది. ఇంట నిలిచి పొలము దున్నినవాని పలుకు బయటనే నిలిచినది.

బిచ్కుంద అట్లు బయట నిలిచిన ఊళ్ళలో ఒకటి. పరిశీలకుడు ఒక్కరోజు ఇచట బస చేసియున్నచో తెలుగు, మరాఠీ, కన్నడము మూడింటను ఈ కథ పొరుగిండ్లలోనే దొరకియుండెడిది. అప్పుడు అది నాందేడు జిల్లా దెగ్లూరు తాలూకాలోనిది. 1956 నవంబరు 1న రాష్ట్రములు భాషలనుబట్టి మారినపుడు బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్ళను చట్టము పేరుపెట్టి ఆంధ్రప్రదేశమున చేర్చెను. అవి నిజామాబాదు జిల్లావి అయ్యెను. 2016 అక్టోబరు 11 నుండి కామారెడ్డి జిల్లావి. తెలుగువారు దీనిని ఇల్లు చేరుటగా తలచిరి. కాని అదే వీధిలో మరాఠీ పలుకు ఇంటివాడు ఆ ఉదయమున గడపకు ఏ వైపున ఉన్నట్లు? ఒకరికి విందు జరుగుచున్నపుడు బయట ఎవరో ఒకరు పాట వినుచు నిలుచుట ఇంటికిని ఊరికిని దేశమునకును తప్పని సంగతి.

ఈ సీమనుండి ఒకప్పుడు బొంబాయికి పోయినట్లే నేడు గల్ఫు దేశములకు పోవుచున్నారు. వచ్చినవానికి విందు ఉండును. పోయినవాని చేను దున్ని, తలిదండ్రులకు మందులు తెచ్చి, ఇంటిపట్టున ఉన్నవాడును ప్రతి ఇంట ఒకడుండును. కళాకారులు అతనిని తొలగించిరి, దూరముగా నిలిపిరి, అతని చోట అక్కచెల్లెండ్రను ఉంచిరి. ఉపమానము చెప్పిన ఆయన మాత్రము తండ్రిని రెండుమార్లు ఇంటి వెలుపలికి నడిపించెను, ఒకమారు చిన్నవాని కొఱకు, ఒకమారు పెద్దవాని కొఱకు. విందు నాటి రాత్రి మన యింటిలో రెండవమారు లేచి వెలుపలికి పోవలసినవారెవరో శ్రోతలే ఆలోచించుకొందురు గాక.