కబురు పంపేదెవరు?

అమెరికాలో పిల్లలు "డేటింగు" అంటూ తిరుగుతారని వినగానే మనం బుగ్గలు నొక్కుకుంటాం. అక్కడ ఆదినుంచీ అదే ఆచారమనుకుంటాం. కాదండీ! వాళ్ళ ముత్తవ్వల కాలంలో, నాలుగు డబ్బులున్న ఇంటి పిల్లని కలుసుకోవాలంటే కుర్రాడు వాళ్ళింటికే రావాలి. అదీ తనంతట తాను రాకూడదు. పిల్ల తల్లో, పిల్ల కాస్త పెద్దదైతే తనో, రమ్మని కబురు పెట్టాలి. వచ్చినవాడు ముందుగదిలోనో వీధి వరండాలోనో కూర్చుని, పిల్ల పియానో వాయిస్తే విని, పెట్టింది తిని, వేళ మించకుండా లేవాలి. నచ్చనివాడైతే "అమ్మాయి ఇంట్లో లేదు" అనిపిస్తే సరి. పక్కగదిలో తల్లి చెవులు రిక్కించుకునే ఉండేదనుకోండి. అయినా రమ్మనడం, వద్దనడం ఆడవాళ్ళ చేతిలోనే ఉండేవి.

మరి ముందుగదే లేనివాళ్ళో? నగరాల్లో ఇరుకు అద్దె కొంపల్లో ఉండే పనివాళ్ళ పిల్లలు బయటే కలుసుకునేవారు. "డేట్" అన్న మాట ఈ అర్థంలో 1896లో జార్జ్ ఏడ్ అనే రచయిత చికాగో పత్రికలో రాసినదాంట్లో కనిపిస్తుంది. పేదలు గత్యంతరం లేక పట్టిన దారి పాతికేళ్ళు తిరిగేసరికి చిన్న ఊళ్ళలో మర్యాదస్తులకి ఫ్యాషనైపోయింది.

ఆ రోజుల్ని దగ్గరుండి చూసి రాసిన దంపతులు రాబర్ట్ లిండ్, హెలెన్ లిండ్. 1924లో ఇండియానా రాష్ట్రంలో మన్సీ అనే ఊరు వెళ్ళి, ఏడాదిన్నర పాటు ఇంటింటి సంగతులూ కూపీ లాగి, 1929లో "మిడిల్‌టౌన్" అనే పుస్తకం వేశారు. ఊరి పేరు దాచారు గానీ దాగలేదు. 40,000 లోపు జనం. అంత ఊరికీ 9 సినిమా హాళ్ళు! 1890లో హైస్కూలు చదువు ఏ కొద్దిమందికో ఉండేది. ఇప్పుడు ఆడా మగా కలిసి వేలకి చేరువయ్యారు. డాన్సులూ, బాస్కెట్‌బాల్ ఆటలూ, క్లబ్బులూ అన్నీ స్కూల్లోనే. ఎవరు ఎవరికి పరిచయమయ్యారో తల్లికి తెలిసే వీలేది?

ఆపైన కారు వచ్చింది. చవక ఫోర్డు కారు 300 డాలర్లలోపే. పాతబడ్డ ఇళ్ళల్లో ఉంటూ కారున్న 26 కుటుంబాలని అడిగితే, 21 ఇళ్ళల్లో స్నానాల తొట్టి లేదట! ఒళ్ళు తోముకోవడానికి లేకపోయినా ఊరు దాటడానికి ఉండాలన్నమాట. రాత్రి ఎన్నింటికి వచ్చావు, వారంలో ఎన్నిసార్లు వెళ్తావు, కారెందుకు నీకు - పిల్లలతో పెద్దలకి వీటిమీదే పోట్లాటలు.

ఇక్కడే ఒక విషయం చప్పుడు కాకుండా చేతులు మారింది. వరండాలో కాఫీ ఖర్చు ఆడపిల్ల ఇంటివాళ్ళది. బయటికెళితే సినిమా టిక్కెట్టూ, ఐస్‌క్రీమూ, పెట్రోలూ కుర్రాడి జేబులోంచి. డబ్బు పెట్టేవాడే పిలవాలన్నారు. ఆడపిల్ల పిలిస్తే మితిమీరిందన్నారు. నిన్నటిదాకా కబురు పంపిన పిల్ల, ఇప్పుడు ఎవరు పిలుస్తారా అని టెలిఫోను పక్కన కూర్చోవలసి వచ్చింది. స్వేచ్ఛ రాలేదనను, వచ్చింది. ఇంటికి తిరిగి రావడం మాత్రం స్టీరింగు పట్టుకున్నవాడి ఇష్టం.

లిండ్ దంపతులు ఆ ఊరి బాలల కోర్టు కాగితాలూ తిరగేశారు. ఒక్క ఏడాదిలో లైంగిక నేరాల కింద వచ్చిన కేసుల్లో, జరిగిన చోటు రాసివున్నవి 30. అందులో 19 చోట్ల కారు అని ఉంది. ఆ ముప్ఫై మందీ ఆడపిల్లలే. కార్లు ఎవరివో ఆ లెక్కలో లేదు.