కాసు బ్రహ్మానందరెడ్డి: పదవియు బాధ్యతయు

పల్నాటిసీమ పేరు వినినంతనే మనకు బ్రహ్మనాయుఁడును, నాగమ్మయు, కారెమపూడి రణరంగమును స్ఫురించును. కత్తిపట్టిన వీరులను కొనియాడు మనము, కలముపట్టి రాజ్యమేలినవారి ధైర్యమును తరచి చూచుట యరుదు.

నరసరావుపేట ప్రాంతమున 1909లో జన్మించిన కాసు బ్రహ్మానందరెడ్డి న్యాయశాస్త్రము చదివి, రాజకీయములలోఁ బ్రవేశించి, 1964 మొదలు 1971 వఱకు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా నుండెను. నాగార్జునసాగరపు కాలువలకు 1967 ఆగస్టులో నీరు విడిచినది ఆయన కాలముననే. కుడికాలువ నీటితో పల్నాటి మెట్టచేలెన్నియో మాగాణులైనవి. 1966లో విశాఖ యుక్కు ఉద్యమమును, 1969లో తెలంగాణోద్యమమును చెలరేఁగి, పోలీసు కాల్పులలో ప్రాణములు పోయినదియు ఆయన పాలనముననే. ఈ రెంటిని చెప్పనిది చరిత్రము కాదు.

పిమ్మట ఆయన కేంద్రమున హోంమంత్రి యయ్యెను. 1975 జూన్ 25వ తేదీ రాత్రి, అత్యవసర పరిస్థితి విధింప నిశ్చయించిన పిదపనే ఆ సంగతి ఆయనకుఁ దెలియవచ్చెను. దేశ శాంతిభద్రతలకు బాధ్యుఁడైన మంత్రికి ముందుగా మాటయైనఁ జెప్పలేదు, ఆయనయు కాదనలేదు. 1977లో నరసరావుపేట ఆయనను లోకసభకుఁ బంపెను. ఆ యేఁడే కాంగ్రెసు అధ్యక్షుఁడయ్యెను. 1978 జనవరిలో ఆయన యాధ్వర్యమున ఇందిరాగాంధీని బహిష్కరింపఁగా పార్టీ చీలెను. ఆమె యధికారమున నున్నప్పుడు పలుకని ‘కాదు’ అను మాట, అధికారము పోయిన పిదపఁ బలికెను.

ఈ లోపము ఆయన యొక్కరిదే యనరాదు. మన ప్రతినిధి మనకేమి తెచ్చెనని యడుగుదుము గాని, కాదనవలసిననాఁడు కాదనెనా యని యడుగము. ఆ ప్రశ్న యడుగ నేర్చిననాఁడే ప్రజాప్రభుత్వము నిలుచును.