జాగు, తడవు, కనిపెట్టడం

జూన్ నెల వచ్చిందంటే అనంతపురం ప్రాంతపు సంఘాల్లో ప్రార్థన మనవులు అన్నీ ఒక్కటే: వాన. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు పడే ఎర్రనేల ఇది. అదీ వేళకు పడదు. ఒక కనిపెట్టు ప్రార్థన ముగిశాక వేరుశనగ వేసే పెద్దాయన ఒకరు మమ్మల్ని అడిగారు: "అయ్యగారూ, కనిపెట్టమంటారు, సరే. ఎన్నాళ్లు?" ఆ పూట సరైన జవాబు చెప్పలేకపోయాము. ఇంటికి వచ్చి మాటలు వెదికాము.

మన కనిపెట్టు ప్రార్థనలను ఇంగ్లీషులో 'టారీయింగ్ మీటింగ్స్' అంటారు. లూకా 24:49లో కింగ్ జేమ్స్ అనువాదం (1611) వాడిన 'టారీ' అనే పాతమాట నుండి ఆ పేరు వచ్చింది. అది 14వ శతాబ్దపు ఇంగ్లీషు రాతల్లో కనిపిస్తుంది. మొదట్లో ఇతరులను ఆలస్యపరచడం అనే అర్థం కూడా ఉండేది, తరువాత తానే ఆగిపోవడం, ఉండిపోవడం అయింది. దాని పుట్టుక గురించి పండితులకు ఏకాభిప్రాయం లేదు. ఇప్పుడు ఆ మాట బైబిల్లో, పాత పాటల్లో తప్ప పెద్దగా వినబడదు.

చిక్కేమిటంటే, ఆ ఒక్క మాట రెండు పనులు చేస్తుంది. విధేయతతో ఆగడమూ 'టారీ'యే, ఊరికే కాలయాపన చేయడమూ 'టారీ'యే. అననీయ సౌలును ఎందుకు ఆలస్యమని అడిగినచోట (అపొ. 22:16) కూడా అదే మాట.

మన తెలుగు బైబిలు వీటిని విడదీసింది. లూకా 24:49లో నిలిచియుండటం. అక్కడి గ్రీకు మాటకైతే సూటి అర్థం 'కూర్చోండి' అనే. అదే ఆజ్ఞ అపొ. 1:4లో కనిపెట్టడం అయింది, మన కూడికలకు ఆ పేరు అక్కడిదే. సౌలు దగ్గర తడవు. సొదొమ విడిచిపెట్టడానికి లోతు వెనుకాడినచోట (ఆది. 19:16) కూడా తడవే. హబక్కూకు 2:3లో దర్శనం ఆలస్యమైనా కనిపెట్టాలి, అది జాగు చేయదు. ఆ వచనంలో ఆలస్యానికి వాడిన హెబ్రీ క్రియ లోతుకు వాడినదే! అనువాదకులు సందర్భం చూసి మాట మార్చారు. మంచి పని చేశారనే మా అభిప్రాయం.

'కనిపెట్టు'లో ఉన్నది కన్ను. కావలివాడు తెల్లవారడానికి కనిపెట్టినట్టు (కీర్తన 130). శిష్యులు ఆ పది రోజులూ ప్రార్థనలో ఎడతెగక ఉన్నారు, మత్తీయను కూడా ఏర్పరచుకున్నారు. మన రైతు కూడా అంతే. వానకు ముందే గుంటక తోలి, కాయ వొలిచి, గొర్రు సరిచేసి ఆకాశం చూస్తాడు. అది కనిపెట్టడం. పదును అయ్యాక కూడా చూస్తూ కూర్చుంటే తడవు.

అప్పు నెత్తిన ఉన్నవాడికి కనిపెట్టమని మేము చాలాసార్లు తేలికగా చెప్పాము. కొన్నిసార్లు దాని అర్థం 'ఏమీ చేయకు' అని వారికి వినబడి ఉంటుంది. ఇది మాకు బాధగా ఉంది.

మరుసటి ఆదివారం ఆ పెద్దాయనకు ఈ సంగతులన్నీ చెప్పాము. ఆయన ఓపికగా విని, జూలై దాటితే వేరుశనగ మానుకుంటానని, ఆగస్టులో చినుకు పడితే ఉలవలు చల్లుతానని అన్నారు. విత్తనం అప్పటికే ఇంట్లో ఉందట.