థౌబాల్‌లో ఒకే ఒక్క హామీ

గెలిస్తే ఏం చేస్తావు? ఓటు అడగడానికి గడప ఎక్కిన కొత్త మనిషికి ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇదే. రోడ్డు వేయిస్తాననో, నీళ్లు తెప్పిస్తాననో, పింఛను రాయిస్తాననో చెప్పడం రివాజు. 2017లో మణిపూర్‌లోని థౌబాల్ నుంచి మొదటిసారి అసెంబ్లీకి పోటీ చేసిన ఇరోమ్ షర్మిల దగ్గర అన్నిటికన్నా ముందున్న జవాబు ఒక్కటే. సాయుధ దళాల ప్రత్యేకాధికారాల చట్టాన్ని తీయిస్తాను.

ఆ జవాబు వెనక పదహారేళ్ల ఆకలి ఉంది.

2000 నవంబరు 2. ఇంఫాల్ శివార్లలోని మాలోమ్ బస్‌స్టాప్. అసోం రైఫిల్స్ కాన్వాయ్ మీద దాడి జరిగింది. ఆ వెంటనే జవాన్లు అక్కడున్న మామూలు జనం మీద కాల్పులు జరిపారు. పదిమంది చనిపోయారు. వాళ్లలో 62 ఏళ్ల లైసాంగ్‌బమ్ ఇబెతోంబి ఉంది. చిన్నప్పుడు జాతీయ సాహస బాలల పురస్కారం అందుకున్న 18 ఏళ్ల సినామ్ చంద్రమణి ఉన్నాడు. కవితలు రాసుకుంటూ మానవ హక్కుల పనిలో అప్పుడప్పుడే అడుగుపెట్టిన షర్మిలకు అప్పటికి 28 ఏళ్లు. ఆ వారంలోనే తల్లి ఇరోమ్ సఖి కాళ్లకు మొక్కి దీక్షకు కూర్చున్నారు. చట్టం పోయేదాకా అన్నం ముట్టనన్నారు.

ఆత్మహత్యాయత్నమని కేసు పెట్టారు. ఆ సెక్షన్‌కు గరిష్ఠ శిక్ష ఏడాది. అందుకని ఏటా విడుదల, వెంటనే మళ్లీ అరెస్టు. ఇంఫాల్ ఆసుపత్రిలోని ఒక గదినే జైలు చేశారు. ముక్కులో గొట్టం పెట్టి, దాని గుండా ద్రవాహారం పోశారు. బయట ప్రధానులు మారారు, ముఖ్యమంత్రులు మారారు. గొట్టం మాత్రం అలాగే ఉంది.

2016 ఆగస్టు 9న ఆమె అరచేతిలో తేనె వేసుకుని నాలుకకు రాసుకున్నారు. కన్నీళ్లు ఆగలేదు. ఎన్నికల్లో నిలబడతానని, ముఖ్యమంత్రినై చట్టాన్ని తొలగిస్తానని విలేకరుల ముందు చెప్పారు. పెళ్లి చేసుకుని అందరిలా బతకాలని ఉందని కూడా దాచకుండా చెప్పారు. ఆ రెండో మాటను చాలామంది క్షమించలేకపోయారు. పదహారేళ్లు దేవతలా చూసిన జనానికి ఆమె మనిషిగా కనిపించడం మింగుడుపడలేదు. ఆ రాత్రి తలదాచుకోబోయిన చోట స్థానికులు అడ్డం చెప్పారు. చివరికి మళ్లీ ఆ ఆసుపత్రికే చేరారు. ఇంత అన్యాయం ఇంకోటి లేదనిపిస్తుంది నాకు. ప్రాణం పోతే విగ్రహం పెట్టేవారు. బతుకుతానన్నందుకు తలుపు మూశారు.

అక్టోబరులో పార్టీ పెట్టారు. పేరు పీపుల్స్ రిసర్జెన్స్ అండ్ జస్టిస్ అలయన్స్. గుర్తు ఈల. చేతిలో డబ్బు లేదు, చందాలు ఆన్‌లైన్‌లో అడిగారు. అరవై స్థానాలున్న అసెంబ్లీకి ముగ్గురంటే ముగ్గురే అభ్యర్థులు. వాబగాయ్‌లో నిలబడ్డ నజీమా బీబీ గృహహింస నుంచి బయటపడి తోటి ఆడవాళ్ల కోసం పనిచేస్తున్న ముస్లిం మహిళ. పోటీ మానకపోతే రేపు చచ్చాక ఊళ్లో పాతిపెట్టడానికి చోటు కూడా ఇవ్వమని బెదిరించారని ఆమె పత్రికలకు చెప్పింది. అయినా తప్పుకోలేదు.

షర్మిల తన సొంత పేట వదిలి థౌబాల్ ఎంచుకున్నారు. అది పదిహేనేళ్లుగా ముఖ్యమంత్రి కుర్చీలో ఉన్న ఒక్రమ్ ఇబోబి సింగ్ కంచుకోట. నామినేషన్ వేయడానికి ఇంఫాల్ నుంచి ఇరవై కిలోమీటర్లు సైకిల్ తొక్కుకుంటూ వెళ్లారు. ప్రచారమూ చాలావరకు సైకిల్ మీదే సాగింది. మంది లేరు, మైకుల హోరు లేదు. ఇంటి ముందు దిగడం, దండం పెట్టడం, ఎందుకొచ్చారో చెప్పడం, అంతే.

అది కేంద్రం చేసిన చట్టం కదా, ఎమ్మెల్యే అయి ఏం చేస్తుంది అని అప్పట్లో చాలామంది పెదవి విరిచారు. ఇక్కడ కొంచెం ఆగాలి. 1958 నాటి ఆ చట్టం తనంతట తాను ఎక్కడా అమల్లోకి రాదు. ముందు ఆ ప్రాంతాన్ని ‘కల్లోలిత ప్రాంతం’గా ప్రకటించాలి. ఆ తర్వాతే హెచ్చరించి కాల్చి చంపే అధికారం, వారంటు లేకుండా పట్టుకునే అధికారం సైన్యానికి వస్తాయి. కేంద్రం అనుమతి లేనిదే వాళ్ల మీద కేసు నడవదు. ప్రకటన చేసే అధికారం గవర్నరుకు ఉంది, 1972 సవరణ తర్వాత కేంద్రానికీ ఉంది. మణిపూర్‌లో గడువు తీరినప్పుడల్లా దాన్ని పొడిగిస్తూ వచ్చింది రాష్ట్ర ప్రభుత్వమే. ఫైలు కదిలేది ఇంఫాల్ సచివాలయంలో. త్రిపురలో మాణిక్ సర్కార్ ప్రభుత్వం 2015లో అలాంటి నిర్ణయమే తీసుకుని ఆ చట్టాన్ని వదిలించుకుంది. కాబట్టి ఆమె తట్టింది సరైన తలుపే.

ఇంకా చెప్పాలంటే, ఆ పని కొంత చేసిన మనిషి ఎదురుగానే ఉన్నారు. 2004 జులైలో తంగ్జమ్ మనోరమను అసోం రైఫిల్స్ వాళ్లు రాత్రివేళ ఇంట్లోంచి తీసుకెళ్లాక ఆమె శవమై దొరికింది. పన్నెండు మంది తల్లులు కాంగ్లా కోట ముందు వివస్త్రలై నిలబడి, మమ్మల్నీ చెరచండని గొంతు చించుకున్నారు. దేశం తలవంచుకున్న ఆ రోజుల్లో ఇబోబి ప్రభుత్వం ఢిల్లీకి ఇష్టం లేకపోయినా ఇంఫాల్ మునిసిపల్ పరిధిలోని ఏడు నియోజకవర్గాల నుంచి చట్టాన్ని ఎత్తేసింది. అక్కడితో ఆగిపోయింది. ఆ ఏడాదే కేంద్రం ఒక కమిటీ వేసింది. దానికి అధ్యక్షులు మన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లిన తెలుగువారు. చట్టాన్ని రద్దు చేయాలని ఆ కమిటీ 2005 జూన్‌లో సిఫారసు చేసింది. థౌబాల్ వీధుల్లో షర్మిల అడిగింది అంతకు పన్నెండేళ్ల ముందు ఆ పెద్దమనిషి రాసిచ్చినదే.

మరి జనం ఎందుకు వినలేదు? ఆ చలికాలం థౌబాల్‌లో ఇల్లు నడుపుతున్న మనిషిని తలుచుకోండి. కొత్త జిల్లాల గొడవతో 2016 నవంబరు 1 నుంచి యునైటెడ్ నాగా కౌన్సిల్ రహదారులు దిగ్బంధించింది. గ్యాస్ బండ దొరకదు. పెట్రోలు బ్లాకులో కొనాలి. అదే నెలలో పెద్దనోట్ల రద్దు. కొత్త జిల్లాలు ప్రకటించి, ఎవరికీ తలొగ్గనని ఇంఫాల్ లోయ ప్రజలకు భరోసా ఇచ్చిన ముఖ్యమంత్రి ఒకవైపు ఉన్నారు. ఇటుపక్క, చట్టం తీస్తానంటున్న ఒంటరి మనిషి. ఆమె మీద గౌరవం లేక కాదు, ఆమె గెలిస్తే పొయ్యి ఎలా వెలుగుతుందో ఆ ఇంటికి అర్థం కాలేదు. రాత్రి తలుపు తట్టే బూట్ల చప్పుడుకీ, ఆగిపోయిన లారీలకీ ఉన్న ముడిని విప్పి చెప్పడానికి షర్మిలకు చాలినంత కాలం గానీ, ఊరూరా మనుషులు గానీ లేరు. పదహారేళ్లు ఒక గదిలో ఉన్న మనిషికి ఊళ్లో బలగం ఎక్కణ్నుంచి వస్తుంది? నియోజకవర్గం పని బూత్ స్థాయిలో ఏళ్ల తరబడి నడిచేది. ఆమెకు దొరికింది కొన్ని నెలలు.

మార్చి 8న, మహిళా దినోత్సవం నాడు పోలింగ్. 11న లెక్కింపు. ఇబోబి సింగ్‌కు 18,649. బీజేపీ అభ్యర్థి బసంత సింగ్‌కు 8,179. నోటాకు 143. ఇరోమ్ షర్మిలకు 90. అటు వాబగాయ్‌లో నజీమా బీబీకి 33.

ఆ తొంభై మంది ఎవరో మనకు తెలియదు. ముఖ్యమంత్రి సొంత గడ్డ మీద, దిగ్బంధం మధ్య, ఓడిపోతుందని తెలిసీ ఈల గుర్తు మీద నొక్కినవాళ్లు. వాళ్లను ఎగతాళి చేసిన వార్తలు చదివినప్పుడు నాకు ఒళ్లు మండింది. ఓట్ల లెక్క ఎవరు గెలిచారో చెబుతుంది. మాలోమ్‌లో చనిపోయిన పదిమందికి న్యాయం అవసరమా కాదా అన్నది దాంతో తేలేది కాదు.

షర్మిల ఇక ఎన్నికల జోలికి రానన్నారు. కేరళలోని అట్టప్పాడికి వెళ్లి కొన్నాళ్లు అక్కడి గిరిజనుల మధ్య ఉన్నారు. ఆగస్టులో కొడైకెనాల్‌లో, ఎన్నాళ్లుగానో ప్రేమిస్తున్న డెస్మండ్ కూటిన్హోను పెళ్లి చేసుకున్నారు. 2019లో కవల ఆడపిల్లలకు తల్లయ్యారు.

చట్టం కథ మాత్రం ఆగలేదు. 2022 ఏప్రిల్ 1 నుంచి మణిపూర్‌లో 15 పోలీస్ స్టేషన్ల పరిధిలో దాన్ని ఎత్తేశారు. మరుసటి ఏడాది ఇంకో నాలుగు చేరాయి. 2023 మేలో జాతుల ఘర్షణతో రాష్ట్రం రెండుగా చీలి తగలబడింది. 2024 నవంబరు 14న కేంద్ర హోంశాఖ వాటిలో ఆరు స్టేషన్ల పరిధిలో చట్టాన్ని మళ్లీ తెచ్చిపెట్టింది. రెండు రోజులు తిరక్కముందే, ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకోవాలని కోరుతూ ఇంఫాల్ నుంచి ఢిల్లీకి లేఖ వెళ్లింది. రాసింది రాష్ట్ర ప్రభుత్వ హోంశాఖ.