తంబోలా

కాలనీ క్రిస్మస్ వేడుకల్లో, కిట్టీ పార్టీల్లో మనం ఆడే తంబోలాకు పుట్టిల్లు ఇటలీ. అక్కడ దీన్ని ‘టోంబొలా’ అంటారు. దొర్లడమనే అర్థమున్న ‘టోంబొలారే’ దీనికి మూలమట. బుట్టలో అంకెలు దొర్లుతాయి కదా! 1734లో ఫాదర్ రోక్కో పట్టుబట్టడంతో నేపుల్స్ రాజు చార్లెస్ క్రిస్మస్ వారం లాటరీ ఆపించాడనీ, జనం దాన్ని ఇంటి ఆటగా మార్చుకున్నారనీ చెప్పుకుంటారు. పండగ భోజనాలయ్యాక ఇంటిల్లిపాదీ బల్ల చుట్టూ చేరి, పిలిచిన అంకె మీద చిక్కుడు గింజో నారింజ తొక్కో పెడతారు. ప్రతి అంకెకూ ఓ పేరుంది: 25 క్రిస్మస్, 33 క్రీస్తు వయసు, 90 భయం, 48 ఏకంగా మాట్లాడే శవం! ఆ పేర్లతో కథలల్లుతూ పిలవడంలోనే ఆట రుచంతా. మన టికెట్లలోనూ అంకెలు 90 దాకానే. మనమూ తెలుగు పేర్లతో పిలుచుకోవచ్చు: 7 తిరుమల కొండలు, 18 భారత పర్వాలు, 64 కళలు.