గాజుతొట్టిలోని పగడములకు సూర్యరశ్మి

సముద్రపు పగడములను గాజుతొట్టియందు పెంచుట చాలకాలము మిక్కిలి కష్టమైన పనిగా ఉండెను. వాటి జీవనమునకు వెలుతురుతో గల సంబంధము తెలియుటకు నూరేండ్లకు పైగా పట్టెను.

1849లో లండన్ నగరమున రాబర్ట్ వారింగ్టన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు 12 గాలన్ల గాజుపాత్రలో రెండు బంగారు చేపలను, ఒక నీటిమొక్కను ఉంచెను. వెలుతురులో మొక్క విడుచు ప్రాణవాయువును చేపలు పీల్చును. చేపలు విడుచు బొగ్గుపులుసు గాలిని మొక్క గ్రహించును. ఈ ఫలితములను ఆయన 1850లో ప్రకటించెను. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ వ్రాసిన గ్రంథముతో సముద్రజీవుల తొట్టెలు ఇంగ్లండు గృహములలో వేడుకయ్యెను. కాని ఎండ మితిమీరినచో చిన్నతొట్టిలోని నీరు వేడెక్కును. నాచు గాజును కమ్మివేయును. అందువలన ఎండ తొట్టెలకు శత్రువుగా కనిపించెను.

పగడము జంతువే కదా, దానికి ఎండతో ఏమి పని? దాని కణములలో ఏకకణ శైవలములు నివసించును. 1928-29లో ఆస్ట్రేలియా తీరపు గ్రేట్ బారియర్ రీఫ్ వద్ద సి. ఎం. యంగ్ నాయకత్వమున పనిచేసిన శాస్త్రజ్ఞులు పగడములను వెలుతురు చొరని పెట్టెలలో ఉంచి చూచిరి. ఆ పగడములు తమ శైవలములను కోల్పోయెను. 1958లో మస్కటైన్, హ్యాండ్ అను శాస్త్రజ్ఞులు పగడమునకు దగ్గరి బంధువైన సీ ఎనిమోన్ అను జంతువును పరీక్షించిరి. శైవలములు వెలుతురులో గ్రహించిన రేడియోధార్మిక కార్బను ఆ జంతువు దేహములోనికి చేరుచున్నట్లు తేలెను. శైవలములు వెలుతురులో వండిన ఆహారములో జంతువునకును పాలు కలదన్నమాట!

1961లో జకార్తా నివాసియైన లీ చిన్ ఎంగ్ తన పద్ధతిని ఒక అమెరికా పత్రికలో వివరించెను. సముద్రపు నీరు, సజీవమైన పగడపు రాళ్ళు, మెల్లగా లేచు గాలిబుడగలు, సూర్యరశ్మి — ఇవే ఆయన సాధనములు. వడపోత యంత్రము లేదు. రాళ్ళలోని సూక్ష్మజీవులు మలినములను శుద్ధిచేయుచుండగా, ఎండ పగడములను పోషించెను.

శీతదేశములలో చలికాలపు పగలు చిన్నది, ఎండ బలహీనము. మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు లక్ష లక్సులుండగా, ఇంటి గదిలోని వెలుతురు కొన్ని వందల లక్సులే. అందుచేత అచ్చటివారు తీవ్రమైన విద్యుద్దీపములను ఆశ్రయించిరి. 1987లో ఆస్ట్రేలియాలోని టౌన్స్‌విల్‌లో సుమారు 25 లక్షల లీటర్ల తొట్టిని ఆకాశమునకు తెరచి, ఎండతోనే పగడములను పెంచిరి. అంత నీరు త్వరగా వేడెక్కదు. ఇంటి తొట్టికి ఆ రక్షణ లేదు. దానికి వెలుతురు నిచ్చుచునే వేడిని తప్పింపవలెను.

ఈ జాగ్రత్త సముద్రమునకును వర్తించును. వేసవిలోని గరిష్ఠ ఉష్ణోగ్రతకన్న నీరు ఒక్క డిగ్రీ సెల్సియస్ హెచ్చి కొన్ని వారములు నిలిచినచో, పగడములు శైవలములను వెళ్ళగొట్టి తెల్లబారును. వేడి తగ్గనిచో మరణించును. నేడు అనేక సముద్రములలో జరుగుచున్నది ఇదియే. ఎండ మారలేదు, నీరు వేడెక్కినది.