జ్ఞాపకం నిలిచినా నిర్ణయం తడబడవచ్చు

పెద్దవారి మతిపై అనుమానం కలిగితే మనం మొదట అడిగేవి మీకు తెలిసిన ప్రశ్నలే: ఈ రోజు ఏ వారం? నేను ఎవరిని? సర్వీసులో ఉన్న రోజులలో నేనూ అవే అడిగేవాడిని. ఒక విశ్రాంత ఉద్యోగి అన్నింటికీ తడుముకోకుండా జవాబిచ్చారు. "బాగానే ఉన్నారు" అని పంపివేశాను. ఆయన అప్పటికే ఇద్దరి అప్పులకు హామీ సంతకాలు చేశారనీ, ఇంటి కరెంటు బిల్లు మాత్రం మూడు నెలలుగా కట్టలేదనీ తరువాత కుమారుడు చెప్పాడు.

ముందుచూపు, పనుల క్రమం, తొందరపాటుపై అదుపు: ఈ మూడూ కలిసినదే కార్యనిర్వహణ శక్తి. ఇది జ్ఞాపకశక్తికి భిన్నమైనది. 1848 సెప్టెంబరు 13న అమెరికాలోని వెర్మాంట్‌లో రైలుమార్గం పనిచేయిస్తున్న ఫినియాస్ గేజ్ తలలోంచి ఇనుపకడ్డీ దూసుకుపోయింది. అతడు బ్రతికాడు, మాట్లాడాడు. కానీ ఏ పథకంపైనా నిలకడగా నిలువలేకపోయాడని వైద్యుడు హార్లో 1868లో వ్రాశాడు. 1963లో బ్రెండా మిల్నర్ మెదడు ముందుభాగం దెబ్బతిన్నవారిచే కార్డులు వేరుచేయించింది. నియమం మారినా వారు పాత పద్ధతినే పట్టుకొని ఉండేవారు.

ఈ పాఠం వృద్ధుల వైద్యానికి ఆలస్యంగా చేరింది. 1975లో వచ్చిన 30 మార్కుల పరీక్ష తేదీ, స్థలం, జ్ఞాపకం, భాషలనే ప్రధానంగా చూసింది. సహజ వార్ధక్యానికీ డిమెన్షియాకూ నడుమనున్న మైల్డ్ కాగ్నిటివ్ ఇంపెయిర్‌మెంట్‌కు పీటర్సన్ బృందం 1999లో ఇచ్చిన ప్రమాణాలకూ మతిమరుపే కేంద్రం. 2003లో స్టాక్‌హోమ్‌లో సమావేశమైన నిపుణులు, జ్ఞాపకం చెడకుండా ఇతర మేధాశక్తులు తగ్గినా అది ఈ స్థితే కావచ్చునని అంగీకరించారు. 2005లో వచ్చిన మోకా పరీక్షలో గడియారం బొమ్మ గీయడం, అంకెలనూ అక్షరాలనూ మార్చిమార్చి కలపడం చేరాయి.

అలాగని వెంటనే పెద్దవారి చెక్కుబుక్కు లాక్కోకండి. ఇతరులకు తప్పుగా తోచిన నిర్ణయం తీసుకున్నంత మాత్రాన మనిషికి నిర్ణయశక్తి లేదనరాదు. మానసిక చికిత్స విషయంలో మన దేశపు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్పేదీ ఇదే.

మీరు చేయవలసింది వేరు. ఒకసారి ఒక్క విషయమే, ఉదయం తేటగా ఉన్నప్పుడు, నెమ్మదిగా వివరించండి. పెద్ద సంతకాలను ఒకటి రెండు రోజులు ఆపండి. థైరాయిడ్, బి12, వినికిడి, దిగులు, వాడుతున్న మందులు: వీటిని వైద్యునితో పరిశీలింపజేయండి. "ఈ రోజు ఏ వారం?" అని అడిగి ఊరుకోకండి, "ఈ నెల పెన్షన్ ఎలా ఖర్చు పెట్టదలచారు?" అని కూడా అడగండి. నేను ఆనాడు అడగనిది అదే.